ముల్లు దిగిందంటే ఇంజన్ చల్లబడినట్టు కాదు

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో వేసవిలో వాహనాల జాగ్రత్తల గురించి ఒక కథనం వేశారు. టైర్లలో గాలి, బ్యాటరీలో డిస్టిల్డ్ వాటరు, ఎండలో పార్కింగు, అన్నీ పనికొచ్చే మాటలే. ఇంజన్ వేడి గురించి మాత్రం ఒక్క ముక్కతో సరిపెట్టారు. ‘టెంపరేచర్ మీటరు ముల్లు ఎర్ర గీత దాటితే వెంటనే బండి ఆపాలి’ అన్నారు. నేనూ ఇన్నేళ్లూ అదే నమ్మాను. ఆ నమ్మకంతోనే పోయిన ఏడాది అరకు వెళ్లే ఘాట్ రోడ్డులో, టైడా ఊరు దాటాక, ఇంజన్ పోగొట్టుకున్నాను. ఎర్ర గీత దాకా ముల్లు వెళ్లనే లేదు. అందుకే ఈ ఉత్తరం. కాస్త పెద్దదైనా వీలుంటే పూర్తిగా వేయండి.

నేను ఆర్టీసీలో 31 ఏళ్లు డ్రైవరుగా చేసి రిటైరయ్యాను. మాది శృంగవరపుకోట, మేం కోట అంటాం. నా సర్వీసులో సగానికి పైగా కొండ రూట్లలోనే గడిచింది. రిటైరయ్యాక 1998 మోడల్ కమాండర్ జీపు, డీఐ రకం డీజిల్ ఇంజన్‌ది, సెకండ్ హ్యాండులో కొనుక్కున్నాను. మా అమ్మాయి, అల్లుడు అనంతగిరిలో ఉంటున్నారు. నెలకి రెండుసార్లు బియ్యం, కూరలు వేసుకుని వెళ్లి చూసి వస్తాం. జీపు పాతదే కానీ ఇంజన్ గట్టిది. డాష్‌బోర్డులో మీటర్లు మాత్రం పాత ఓనర్లు మార్చగా మార్చగా మిగిలినవి. హీట్ మీటరు మీద అంకెలు లేవు. ఒక చివర సీ (చల్లన), ఇంకో చివర హెచ్ (వేడి), మధ్యలో ఒక గీత. ముల్లు ఆ మధ్య గీత దగ్గర నిలబడితే అంతా బాగున్నట్టు లెక్క.

మే నెల అది. వెనక మూడు బస్తాల బియ్యం, పక్కన మా ఆవిడ, ఆవిడ ఒళ్లో సెలవులకి వచ్చిన ఆరేళ్ల మనవరాలు. దాన్ని అమ్మ దగ్గర దించడానికే ఆ ప్రయాణం. పొద్దున్నే ఎక్కాల్సిన కొండకి పదకొండు దాటాక బయల్దేరాం. బొడ్డవర దాటి ఎక్కుడు మొదలైనా, టైడా వచ్చేదాకా ముల్లు కదల్లేదు. టైడా దాటాక మలుపుల్లో సెకండ్ గేరులో పోతుంటే మధ్య గీత మీంచి కొంచెం పైకి జరిగింది. నేను చూస్తూనే ఉన్నాను. ఇంకో కిలోమీటరు వెళ్లేసరికి దిగడం మొదలుపెట్టింది. మధ్యకి వచ్చింది, ఇంకా కిందికి వచ్చింది. ‘చెట్ల నీడ తగిలింది, చల్లబడింది’ అని మా ఆవిడతో అన్నాను కూడా.

ఆ మాట అన్న రెండు మలుపులకి బండి లాగడం మానేసింది. యాక్సిలరేటర్ తొక్కుతున్నా బరువుగా ఈడుస్తోంది. లోపల టకటకమని చప్పుడు, కాలిన రబ్బరు వాసన. పక్కకి తీసి ఇంజన్ ఆపేశాను. బోనెట్ ఎత్తితే రేడియేటర్ కింది హోస్ పైపు క్లిప్పు వదులై కనిపించింది. నీళ్లన్నీ దారి పొడుగునా కారిపోయాయి. ముల్లు అప్పటికీ సీకీ మధ్య గీతకీ నడుమ హాయిగా ఉంది. ఆ ముల్లుని ఇప్పటికీ మర్చిపోలేను.

మేం ఆగడం చూసి బైకు మీద పోతున్న ఇద్దరు కుర్రాళ్లు ఆగారు. మంచి పిల్లలే. ఒకడు తువ్వాలు మడిచి రేడియేటర్ మూత తిప్పబోయాడు. మణికట్టు పట్టుకుని ఆపాను. నీళ్లు పోయినా లోపల ఆవిరి ఉంటుంది. మూత అలా తీసి మొహం ఉడికిపోయిన లారీ క్లీనరుని కళ్లారా చూసినవాణ్ని. రెండోవాడు ఈలోగా పక్కనున్న గెడ్డ (వాగు)లోంచి డబ్బాతో నీళ్లు తెచ్చాడు. పొయ్యనివ్వలేదు. ఎర్రగా కాలిన పెనం మీద చన్నీళ్లు పోస్తే ఏమవుతుందో, కాలిపోయిన సిలిండర్ హెడ్ (ఇంజన్ పై భాగం) మీద పోసినా అదే. ఇనుము చిట్లుతుంది. గంటన్నర అలాగే చెట్టు కింద కూర్చున్నాం. మనవరాలు ‘తాతా, జీపు చచ్చిపోయిందా?’ అని రెండుసార్లు అడిగింది. రికవరీ వ్యాను పిలిపించి కిందికి దించుకొచ్చేసరికి చీకటి పడింది.

మర్నాడు కోటలో మా మెకానిక్ మేస్త్రి ఆయిల్ పుల్ల బయటికి లాగి చూపించాడు. ఆయిల్ పాలు ఎక్కువైన టీ రంగులో ఉంది. హెడ్ గ్యాస్కెట్ (హెడ్ కింద అతుకు మూసి ఉంచే పలక) పోయి నీళ్లూ ఆయిలూ కలిసిపోయాయి. హెడ్ విప్పి దాని మీద స్కేలు నిలబెడితే మధ్యలోంచి వెలుతురు కనపడింది, అంటే వంగిపోయింది. లేత్ దగ్గర ఫేసింగ్ చేయించాం, అంటే అరగదీసి చదును చేయించాం. రెండు పిస్టన్లు గీరుకుపోయాయి. అన్నీ కలిపి 41,000 రూపాయలు. నా రెండు నెలల పెన్షన్ కంటే చాలా ఎక్కువ.

‘ముల్లు దిగింది కదా, ఇలా ఎలా అయింది?’ అని మేస్త్రిని అడిగాను. ముప్పై ఏళ్లు కూడా నిండని కుర్రాడు. ‘దిగబట్టే కదా బాబాయ్ మీరు ఆపలేదు. సెన్సర్ నీళ్లలో మునిగి ఉంటేనే వేడి చెబుతుంది. నీళ్లు పోయాక అది ఆవిరిలో వేలాడుతోంది. పక్కన ఇనుము కాలిపోతున్నా దానికేం తెలుస్తుంది?’ అన్నాడు.

బస్సు నడిపినన్నాళ్లూ నాకు ఈ సంగతి తట్టలేదు. డిపోలో నీళ్లు చూసి పంపేవారు, బయల్దేరే ముందు నేనూ చూసేవాణ్ని, ఆ పరిస్థితి ఎప్పుడూ రాలేదు. కొండ ఎక్కుతుండగా, బరువు లాగుతుండగా, ముల్లు తనంతట తాను దిగిందంటే అది శుభవార్త కాదు. అప్పుడే ఆపి నీళ్లు చూడాలి. మీ కథనంలో లేనిది ఈ మాటే.

ఇంజన్ పని పూర్తయ్యాక మీటరు మార్చందే కొండ ఎక్కనని మా ఆవిడకి మాటిచ్చాను. అంకెలున్న మీటరు కావాలి. 85 ఎప్పుడు 95 అయిందో, 95 ఎప్పుడు 102 అయిందో కంటికి కనపడాలి. మా అల్లుడి కొత్త కారులో అసలు ముల్లే లేదు. చల్లగా ఉంటే నీలం దీపం, మరీ వేడెక్కితే ఎర్ర దీపం. ముల్లున్న కార్లలోనూ చాలావాటిలో 80 నుంచి 100 దాటేదాకా మధ్యలోనే నిలబడేట్టు తయారుచేస్తారట, చూసేవాళ్లకి టెన్షన్ రాకుండా. కొత్త బండిలో కంప్యూటర్ ఉంది, ఏదో ఒకటి చేస్తుంది. పాత డీజిల్ జీపులో డ్రైవరు కళ్లే కంప్యూటరు.

విశాఖపట్నంలో స్పేర్ పార్టుల షాపుకి వెళ్తే రెండు రకాలు చూపించారు. ఒకటి కరెంటుది. ఇంజన్‌లో బిగించే సెన్సర్ వేడెక్కేకొద్దీ దాని రెసిస్టెన్స్ తగ్గుతుంది, దాన్ని బట్టి మీటరులో ముల్లు కదులుతుంది. రెండోది ట్రాక్టర్లలో వాడే రకం. చివర వేలంత ఇత్తడి బల్బు, దాన్నించి మీటరు దాకా సన్నటి రాగి గొట్టం. బల్బులో తొందరగా ఆవిరయ్యే ద్రవం ఉంటుంది. వేడికి దాని ఒత్తిడి పెరిగి, మీటరు వెనక వంపు తిరిగిన చిన్న గొట్టాన్ని సాగదీస్తే ముల్లు తిరుగుతుంది. దీనికి బ్యాటరీతో పని లేదు. కరెంటు మీటరుకి వైరు లాగడం తేలిక, చూడ్డానికీ బాగుంది. ముందు అదే కొన్నాను. సెన్సర్ మాత్రం ఆ పెట్టెలో లేదు. షాపు కుర్రాడు వేరే పెట్టెలోంచి తీసి ‘ఏదైనా పడుతుంది సార్’ అన్నాడు.

ఏదైనా పడదు. మేస్త్రి దాన్ని బండికి బిగించేస్తానంటే నేనే ఆపి ఇంటికి తీసుకెళ్లాను. హైస్కూల్లో సైన్సు చెప్పే మా వీధి మాస్టారి దగ్గర ల్యాబు థర్మామీటరు, 110 డిగ్రీల దాకా చూపేది, అడిగి తెచ్చుకున్నాను. మా ఆవిడ పాత పాల గిన్నె ఇచ్చింది. గిన్నెలో నీళ్లు పోసి, సెన్సర్ కొస మాత్రం మునిగేట్టు తీగతో వేలాడదీసి, పక్కనే థర్మామీటరు పెట్టి గ్యాసు వెలిగించాం. స్టవ్ పక్కన బ్యాటరీ, సెన్సర్ ఒంటికి ఎర్త్ వైరు, మీటరుకి కరెంటు. థర్మామీటరు 60 చూపినప్పుడు మీటరు ముల్లు ఇంకా 40 దగ్గరే ఉంది. నీళ్లు తెర్లుతున్నప్పుడు థర్మామీటరు 99, మీటరు 75.

ఆ 75 చూసి నాకు చెమటలు పట్టాయి. అదే బిగించి ఉంటే కొండ మీద నీళ్లు మరుగుతుంటే 75 చూసుకుంటూ నిశ్చింతగా నడిపేవాణ్ని. తప్పు మీటరుది కాదు, సెన్సరుదీ కాదు. రెండూ ఒకదానికొకటి పుట్టినవి కావు, అంతే. కరెంటు మీటరు కొనేవాళ్లు సెన్సర్‌తో కలిపి ఒకే కంపెనీ జత కొనాలి. కొన్నాక బిగించే ముందు గిన్నెలో మరిగించి చూడాలి. అరగంట పని, ఖర్చు లేదు.

మళ్లీ వెళ్లి ట్రాక్టరు రకం తెచ్చాను. అదే గిన్నె, అవే నీళ్లు. థర్మామీటరు 60కి ఇది 61, 80కి 80, తెర్లేటప్పుడు 98. దీన్నే బిగించాలని తీర్మానించుకున్నాను.

బిగించడంలో మేస్త్రికీ నాకూ కాస్త మాటా మాటా అయింది. పైన రేడియేటర్‌కి వెళ్లే హోస్ పైపు కోసి, మధ్యలో అల్యూమినియం టీ ముక్క (ఇంగ్లీషు T ఆకారంది) పెట్టి, బల్బు అందులో దూర్చేద్దామన్నాడు. పది నిమిషాల్లో అయిపోతుంది, చాలామంది అలాగే చేస్తారు. కానీ ఆ పైపు థర్మోస్టాట్ వాల్వుకి (ఇంజన్ వేడెక్కాకే తెరుచుకుని నీళ్లని రేడియేటర్‌కి వదిలేది) అవతల ఉంటుంది. వాల్వు తెరుచుకునేదాకా ఇంజన్‌లోని వేడి నీళ్లు అక్కడికి రావు. రేపు వాల్వు మూసుకుని ఇరుక్కుపోయిందనుకోండి, ఇంజన్ కాలిపోతుంటే మీటరు చల్లగా ఉందనే చెబుతుంది. బల్బు వాల్వుకి ఇవతల, హెడ్ పక్కనే ఉండాలన్నాను. (కరెంటు సెన్సర్ అయితే ఇంకో తంటా కూడా ఉంది. హోస్ రబ్బరుది కాబట్టి టీ ముక్కకి విడిగా ఎర్త్ వైరు వేయకపోతే ముల్లు కదలదు.)

‘అయితే వాల్వే తీసేద్దాం బాబాయ్, పాత బండికి అదెందుకు?’ అన్నాడు. ఇది మన మెకానిక్కులందరికీ ఉన్న అలవాటు. బండి వేడెక్కుతోందంటే ముందు థర్మోస్టాట్ వాల్వు పీకి పారేస్తారు. వేడెక్కడానికి అసలు కారణం అలాగే ఉండిపోతుంది. పైగా పొద్దున్న ఇంజన్ వేడి అందుకోడానికి చాలాసేపు పడుతుంది. చల్లటి డీజిల్ ఇంజన్ పొగ కక్కుతుంది, డీజిల్ ఎక్కువ తాగుతుంది, లోపల అరుగుతుంది. నేను ఒప్పుకోలేదు. 82 డిగ్రీల దగ్గర తెరుచుకునే కొత్త వాల్వు తెప్పించి, అది కూడా అదే గిన్నెలో మరిగించి, తెరుచుకోవడం ఇద్దరం కళ్లతో చూసి వేశాం. అప్పట్నించి ఆ కుర్రాడు ఎవరి వాల్వూ ఊరికే పీకడం లేదు.

హెడ్‌లో పాత సెన్సర్ ఉన్న రంధ్రానికి కొత్త బల్బు నట్టు పట్టలేదు. చూడ్డానికి ఒకేలా ఉన్నాయి, రెండు చుట్లు ఎక్కింది కూడా. ఆ తర్వాత బిగుసుకుంది. స్పానరు వేసి బలవంతంగా తిప్పితే ఎక్కేసేదే, హెడ్‌లో మరలు పాడైపోయేవి. ఒకటి మిల్లీమీటర్ల లెక్క, ఇంకోటి అంగుళాల లెక్క. లేత్ దగ్గరికి రెండూ తీసుకెళ్తే ఆయన గేజీ పెట్టి చూసి, లోపల ఒక రకం బయట ఒక రకం మరలతో ఇత్తడి బుష్షు చేసిచ్చాడు. నూట యాభై తీసుకున్నాడు. అడుగున రాగి వాషరు వేసి బిగించాం. బల్బు కొస నీళ్లు పారే చోట ఉండాలి, అటు ఇనుముకి ఆనుకోకూడదు. అది సుద్దముక్కతో కొలిచి చూసుకున్నాం.

రాగి గొట్టం దగ్గరే అందరూ తప్పు చేస్తారు. అది ఆరడుగులుంది, మాకు కావాల్సింది నాలుగు. మేస్త్రి కుర్రాడు అలవాటుగా కటింగ్ ప్లేయరు తీశాడు. వైరు లాగా దాన్ని కత్తిరించకూడదు. తెగినా, మడత పడి నలిగినా మీటరు పనికిరాకుండా పోతుంది, మామూలు మెకానిక్కులు బాగుచెయ్యలేరు. మిగిలిన రెండడుగుల్నీ అరచెయ్యంత వెడల్పు చుట్టగా చుట్టి, ఇంజన్ అదురుడికి రాసుకోకుండా క్లిప్పుతో కట్టేశాం. సైలెన్సర్ మ్యానిఫోల్డ్‌కి దూరంగా ఎడమ పక్క నుంచి తెచ్చాం. ఇంజన్‌కీ సీట్లకీ మధ్య రేకుకి రంధ్రం చేసి రబ్బరు గ్రోమెట్ (రంధ్రం అంచుకి తొడిగే రింగు) పెట్టి అందులోంచి లోపలికి లాగాం. గ్రోమెట్ లేకపోతే రేకు అంచు ఏడాదిలో గొట్టాన్ని కోసేస్తుంది. మీటరులో దీపానికి మాత్రం పార్కింగ్ లైటు నుంచి చిన్న ఫ్యూజు పెట్టి వైరు ఇచ్చాం. స్టీరింగ్ చక్రం అడ్డం రాకుండా, తల తిప్పకుండా కనపడేట్టు డాష్‌బోర్డు మీద బిగించాం.

దాంతోపాటు ఇంకో చిన్న పరికరం పెట్టాను. హెడ్ మీదున్న చిన్న బోల్టు (హెడ్‌ని పట్టి ఉంచే పెద్ద బోల్టు కాదు) కింద వాషరు లాగా బిగించే సెన్సర్, దానికి బజరు. ఇది నీళ్ల వేడి కాదు, ఇనుము వేడి చూస్తుంది. నీళ్లు మొత్తం పోయినా మోగుతుంది. టైడా దగ్గర ఇది ఉండి ఉంటే చాలు. డబ్బులు రెండింటికీ చాలకపోతే ఏది ముందని కొందరు అడిగారు. పాత బండికి ఈ బజరే ముందు అని నా అభిప్రాయం. తర్వాత అంకెల మీటరు.

మీటరు పెట్టిన నెల రోజులకి అసలు ఉపయోగం తెలిసింది. సీటు పక్కన నోటు పుస్తకం పెట్టుకుని రాసుకున్నాను. కోట నుంచి బొడ్డవర దాకా సమతలం మీద 82 నుంచి 85. టైడా ఎక్కుడులో ఒంటరిగా అయితే 91, బియ్యం బస్తాలతో 96. ఒక రోజు విశాఖపట్నం రోడ్డు మీద స్పీడు 70 దాటించినప్పుడల్లా 95కి పోయింది, 50కి తగ్గిస్తే 86కి వచ్చేసింది. స్పీడు పెరిగినప్పుడు వేడి పెరిగితే సాధారణంగా రేడియేటర్ మూసుకుపోయినట్టు. నెమ్మదిగా పోతున్నప్పుడు, ఆగి ఉన్నప్పుడు పెరిగితే ఫ్యానునో బెల్టునో అనుమానించాలి. రేడియేటర్ విప్పించాను. పై ట్యాంకు తీస్తే ట్యూబుల్లో మూడో వంతు తెల్లటి గారతో మూసుకుపోయి ఉన్నాయి. ఎప్పుడు నీళ్లు తగ్గితే అప్పుడు బోరు నీళ్లు పోసిన ఫలితం అది. పాత మీటరు ఇవేవీ నాకు చెప్పలేదు, ఎప్పుడు చూసినా మధ్య గీతే. ట్యూబుల్లో కడ్డీలు దూర్చి శుభ్రం చేయించి, కూలెంటూ డిస్టిల్డ్ వాటరూ సగం సగం పోశాక స్పీడు 70లోనూ 86 దాటడం లేదు.

రేడియేటర్ మూత కూడా మార్చాను. ఎవరూ పట్టించుకోని వస్తువు అది. నా మూత మీద 0.9 అని, అంటే 0.9 బార్ ఒత్తిడి అని ఉంటుంది. అది పట్టి ఉంచే ఒత్తిడి వల్లే లోపల నీళ్లు 100 దగ్గర కాకుండా సుమారు 118 దాకా మరగకుండా ఉంటాయి. మూత రబ్బరు ఎండిపోతే ఆ లాభం మొత్తం పోయినట్టే. పైగా కొండ ఎక్కేకొద్దీ నీళ్లు ఇంకా తక్కువ వేడికే మరుగుతాయి, వెయ్యి మీటర్ల ఎత్తుకి సుమారు మూడు డిగ్రీల తేడా. అరకు వైపు పోయేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు.

ఇప్పుడు నా లెక్క ఇది. 100 దాటితే ఒక గేరు తగ్గించి, యాక్సిలరేటర్ మీద బరువు తీసి, ఫ్యాను బాగా తిరిగేట్టు చూసుకుంటాను. 105 వస్తే వెడల్పున్న చోట ఆపుతాను. నీళ్లు కారడం లేదని చూసుకున్నాక ఇంజన్ ఆపకుండా కాసేపు ఐడిల్‌లో ఉంచుతాను. ఒక్కసారిగా ఆపేస్తే పంపు ఆగి నీళ్లు కదలవు, హెడ్‌లో వేడి ఇంకా పెరుగుతుంది. నీళ్లు కారుతుంటే మాత్రం, లేదా ముల్లు ఉన్నట్టుండి దిగితే, అప్పటికప్పుడు ఇంజన్ ఆపేయాల్సిందే.

ఇక నా విన్నపం. నా జీపు నా ఇంటివరకే. ఆ ఘాట్‌లో రోజూ ఎక్కి దిగే సర్వీసు జీపుల సంగతేమిటి? సంత రోజు ఒక్కో జీపులో ఎంతమంది ఉంటారో, టాపు మీద అల్లం బస్తాలు, పనసకాయలు ఎన్ని ఉంటాయో మీ విలేకరులకి తెలియంది కాదు. ఇంజన్ పట్టేసిన బండి మలుపులో ఆగితే వెనక వచ్చే బస్సు ఎటు పోతుంది? నేను ఈ మధ్య ఆగి ఉన్న జీపుల్లోకి తొంగి చూస్తున్నాను, డ్రైవర్లని అడుగుతున్నాను. హీట్ మీటరు పనిచేసేది ఒక్కటీ కనపడలేదు. ముల్లు విరిగినవి కొన్ని, వైరు పీకేసినవి కొన్ని. ఒక జీపులో మీటరు ఉండాల్సిన గుండ్రటి రంధ్రంలో దేవుడి బొమ్మ పెట్టారు. ‘మరి వేడి ఎలా తెలుస్తుంది నాయనా?’ అంటే ‘వాసన వస్తుంది మావయ్యా’ అన్నాడు. వాసన వచ్చేసరికి గ్యాస్కెట్ పోయి ఉంటుందని నాకు అనుభవమైంది.

ఎనిమిదేళ్లు దాటిన ట్రాన్స్‌పోర్టు బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. బ్రేకులు, లైట్లు, హారను, పొగ చూస్తారు, చూడాల్సిందే. దాంతోపాటు ఇంకో రెండు నిమిషాలు పెట్టి, చల్లటి ఇంజన్ మీద ముల్లు ఎక్కడుందో, కాసేపు నడిచాక ఎక్కడికి వచ్చిందో చూడమని రవాణా శాఖ అధికారుల్ని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఘాట్ రోడ్లలో తిరిగే బండ్లకైనా దీన్ని తప్పనిసరి చేయాలి. జీపు వాళ్లకి ఇది పెద్ద భారం కాదు. నాకు మీటరు, బుష్షు, బజరు, కూలీ కలిపి మూడు వేల లోపే అయింది. ఇంజన్ పనికి ఎంతయిందో పైన రాశాను.

ఐటీఐల్లో మెకానిక్ డీజిల్ ట్రేడు చదివే పిల్లలకి కూడా ఈ గిన్నె పరీక్ష ఒక్కసారి చేయించమని అక్కడి సార్లకి మనవి. థర్మోస్టాట్ వాల్వు వేడినీళ్లలో తెరుచుకోవడం ఒకసారి కళ్లతో చూసిన కుర్రాడు దాన్ని పీకి పారేయడు. మా మేస్త్రే సాక్షి.

దేవుడి బొమ్మ పెట్టుకున్న ఆ జీపు డ్రైవరుకి నా దగ్గర ఊరికే పడి ఉన్న కరెంటు మీటరు ఇచ్చాను. దానికి జత సెన్సర్ ఆ కంపెనీదే తెప్పించాను. మొన్న రాత్రి మా ఇంట్లో ఇద్దరం కూర్చుని మరిగించి చూశాం, 99కి 97 చూపించింది. వచ్చే ఆదివారం మా మేస్త్రి దగ్గరే బిగిస్తున్నాం. బొమ్మ పక్కకి జరిపి అద్దం దగ్గర పెట్టుకుంటానన్నాడు. కోట చుట్టుపక్కల ఎవరైనా మీటరు పరీక్ష చేయించుకోవాలంటే మా ఇంటికి తెచ్చుకోవచ్చు. థర్మామీటరు సెలవులు అయ్యేదాకా నా దగ్గరే ఉంటుందని మాస్టారు చెప్పారు. ఎండలు ముదరకముందే ఈ ఉత్తరం వేయగలిగితే మంచిది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ బస్సు డ్రైవరు,
శృంగవరపుకోట